మాంటిచెల్లో మేడలో దాగిన కథ

అమెరికా మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు, ఆయన ఇంటి బానిస స్త్రీకి మధ్య గల సంబంధాన్ని పండితులు నూట డెబ్బై ఏళ్ళకు పైగా పుకారని కొట్టివేశారు. 1979లో వెలువడిన ఒక చారిత్రక నవల ఆ స్త్రీకి నోరిచ్చింది. తరువాత విజ్ఞానశాస్త్రం ఆ నవలకు సాక్ష్యం పలికింది.

1830వ సంవత్సరం. వర్జీనియా రాష్ట్రంలోని ఆల్బిమార్ల్ కౌంటీ. జనాభా లెక్కలు రాసుకొనే బాధ్యత నేథన్ లాంగ్డన్ అనే యువ న్యాయవాదికి అప్పగించబడింది. ఇల్లిల్లూ తిరుగుతూ అతడొక చిన్న ఇంటి ముందు ఆగాడు. లోపల యాభై ఏళ్ళు దాటిన ఒక స్త్రీ, ఆమె కుమారులిద్దరు ఉన్నారు. ఆమె పేరు విన్నవెంటనే లాంగ్డన్ ఉలిక్కిపడ్డాడు. ఆ పేరు తెలియనివారు ఆ ప్రాంతంలో లేరు. పేరు, వయస్సు, వృత్తి రాసుకొన్న తరువాత అతని కలం ‘జాతి’ అన్న గడి దగ్గర ఆగిపోయింది. కొంత ఆలోచించి ఆమెను శ్వేతజాతి స్త్రీగా రాశాడు. అలా రాస్తే, నల్లజాతి స్త్రీతో కాపురం చేశాడన్న నేరం నుంచి దివంగతుడైన ఒక మహాపురుషుడు తప్పించుకొంటాడని అతని ఉద్దేశం. ఆమె జీవితాన్ని మాత్రం ఆ ఒక్క గీతతో తుడిచివేశానని అతనికి అప్పుడు తోచలేదు.

బార్బరా చేజ్ రిబూ రచించిన ‘సాలీ హెమింగ్స్’ నవల ఈ సన్నివేశంతో ఆరంభమౌతుంది. లాంగ్డన్ కల్పిత పాత్ర. ఆ స్త్రీ మాత్రం కల్పితం కాదు. ఆ ఏటి జనాభా లెక్కలలో ఆ కుటుంబం శ్వేతజాతీయులుగా నమోదు కావడమూ కల్పన కాదు. మూడేళ్ళ తరువాత, 1833లో జరిగిన ప్రత్యేక గణనలో అదే స్త్రీని స్వేచ్ఛ పొందిన మిశ్రజాతి స్త్రీగా రాసుకొన్నారు. ఒకే మనిషి, రెండు కాగితాలు, రెండు జాతులు! ఆ రెండు కాగితాల నడుమ ఉన్నదే ఈ నవలకు కథావస్తువు.

ఆస్తితో బాటు వచ్చిన మనుషులు

మానవులందరూ సమానులుగానే సృష్టింపబడ్డారని లోకానికి చాటిన అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను 1776లో రచించినప్పుడు జెఫర్సన్ వయస్సు ముప్పై మూడేళ్ళు. అప్పటికే ఆయన ఎందరో బానిసలకు యజమాని. జీవితకాలంలో ఆయన ఆధీనంలో ఉన్న బానిసల సంఖ్య ఆరువందలు దాటింది. బానిసత్వం నీచమైన వ్యవస్థ అని ఆయనే రాశాడు. నల్లజాతివారు బుద్ధిలో తక్కువవారేమోనన్న అనుమానాన్నీ, రెండు జాతులూ కలవరాదన్న అభిప్రాయాన్నీ ఆయనే రాశాడు.

జెఫర్సన్ భార్య మార్తా ధనికుల బిడ్డ. ఆమె తండ్రి జాన్ వేల్స్ 1773లో చనిపోయినప్పుడు, పదకొండు వేల ఎకరాల భూమి, 135 మంది బానిసలు, వాటితో బాటు మోయలేనంత ఋణభారం అల్లునికి సంక్రమించాయి. ఆ బానిసలలో ఎలిజబెత్ హెమింగ్స్ అనే స్త్రీ ఉన్నది. ఆఫ్రికా స్త్రీకి, ఆంగ్లేయ ఓడ కెప్టెన్‌కు పుట్టిన బిడ్డ ఆమె. వేల్స్ ముగ్గురు భార్యలనూ పోగొట్టుకొన్న తరువాత ఈమెతో కాపురం చేశాడు. వారికి కలిగిన ఆరుగురు బిడ్డలలో కడగొట్టుది సాలీ. తండ్రి పోయిన 1773లోనే ఆమె పుట్టింది.

ఈ లెక్కన సాలీ జెఫర్సన్ భార్యకు తండ్రి వైపు చెల్లెలు. రక్తసంబంధం చూస్తే ఆమె ఆయనకు వరుసకు మరదలు. చట్టం చూస్తే ఆయన ఆస్తి. తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే అని వర్జీనియా 1662లోనే శాసనం చేసింది. తండ్రి ఎవరన్న ప్రశ్న ఆ శాసనానికి అవసరం లేదు. తండ్రి పేరు చెప్పనక్కరలేని ఆ శాసనమే ఎందరో యజమానులకు రక్షణకవచమైంది.

1782 సెప్టెంబరులో మార్తా మరణించింది. మరణశయ్య వద్ద, మళ్ళీ పెళ్ళి చేసుకోనని జెఫర్సన్ ఆమెకు మాట ఇచ్చాడనీ, అప్పుడు ఆ గదిలో ఉన్నవారిలో తొమ్మిదేళ్ళ సాలీ కూడా ఉన్నదనీ ఆ ఇంటి బానిసల ద్వారా వచ్చిన కథనం. ఏమైనా జెఫర్సన్ ఆ మాట దాటలేదు. బ్రతికిన మిగిలిన నలభైమూడేళ్ళూ ఆయన పెళ్ళి చేసుకోలేదు.

పారిస్‌లో రెండేళ్ళు

1784లో జెఫర్సన్ అమెరికా ప్రతినిధిగా ఫ్రాన్సుకు వెళ్ళాడు. పెద్ద కుమార్తెను, వంటపని నేర్పించడానికి సాలీ అన్న జేమ్స్ హెమింగ్స్‌ను వెంట తీసుకొని వెళ్ళాడు. స్వదేశంలో బంధువుల వద్ద వదిలిన చిన్న కూతురు లూసీ కోరింతదగ్గుతో చనిపోయిందన్న వార్త ఆయనను కలచివేసింది. మిగిలిన కూతురు పాలీని తన వద్దకు పంపమని రాశాడు. పెద్దవయసు దాదికి బదులు, పద్నాలుగేళ్ళ సాలీని ఆ పాపకు తోడుగా ఓడ ఎక్కించారు. 1787 వేసవిలో పిల్లలిద్దరూ లండను చేరారు. అక్కడ వారిని ఆదరించిన అబిగైల్ ఆడమ్స్, ఎనిమిదేళ్ళ పాలీ కన్న ఈ తోడు వచ్చిన పిల్లకే ఎక్కువ సంరక్షణ కావలసి ఉన్నదని జెఫర్సన్‌కు లేఖ రాసింది. సాలీ ఎంత పసిదో చెప్పే సమకాలీన సాక్ష్యం ఇది.

పారిస్‌లోని షాంజెలీజే వీధిలో ఉన్న విశాలమైన భవంతిలో ఆమె రెండు సంవత్సరాలకు పైగా గడిపింది. మశూచి సోకకుండా ఆమెకు టీకా వేయించారు. కొన్నికొన్ని నెలలు ఆమెకు జీతం కూడా ముట్టింది. ఫ్రెంచి భాష నేర్చుకొన్నది. అన్నిటినీ మించి ఆమె తెలుసుకొన్న విషయం ఒకటున్నది. ఫ్రాన్సు నేల మీద కాలుపెట్టిన బానిస న్యాయస్థానానికి మొర పెట్టుకొంటే స్వేచ్ఛ పొందడం కష్టం కాదు. అన్నా చెల్లెళ్ళిద్దరూ ఆ పని చేయగలిగి ఉండేవారు. ఇదే సమయంలో జెఫర్సన్, మరియా కాస్వే అనే వివాహిత చిత్రకారిణిపై మనసు పడి, ఆమెకు దీర్ఘమైన లేఖలు రాశాడు. చరిత్రకారులకు ఆ ప్రణయమంతా లేఖలలో దొరికింది. సాలీకి రాసిన లేఖ ఒక్కటీ లేదు.

1789 జూలైలో బాస్టీలు కోట కూలింది. ఆ శరత్కాలంలో జెఫర్సన్ కుటుంబం స్వదేశానికి ప్రయాణమైంది. పదహారేళ్ళ సాలీ కూడా తిరిగి వెళ్ళింది. ఎందుకు వెళ్ళింది? దీనికి సమాధానం చెప్పినవాడు ఆమె కుమారుడు మాడిసన్ హెమింగ్స్. 1873లో ఒహాయో రాష్ట్రంలోని ఒక స్థానిక పత్రికలో అతడు తన జీవితకథ చెప్పాడు. తన తల్లి అప్పటికి గర్భవతి అనీ, తిరిగి రావడానికి నిరాకరించిందనీ, ప్రత్యేకమైన సౌకర్యాలు కల్పిస్తాననీ, పుట్టబోయే బిడ్డలకు ఇరవై ఒకటో ఏట స్వేచ్ఛ ఇస్తాననీ జెఫర్సన్ మాట ఇచ్చిన మీదట ఒప్పుకొన్నదనీ అతడు వివరించాడు. పదహారేళ్ళ పిల్ల, ఒక దేశ రాయబారితో బేరమాడి, తన స్వేచ్ఛను వదులుకొని, ఇంకా పుట్టని బిడ్డల స్వేచ్ఛను సంపాదించింది. నవలలో అత్యంత బలమైన ఘట్టాలు ఈ పారిస్ ఘట్టాలే.

అధ్యక్షునిపై పిడుగు

1801లో జెఫర్సన్ అమెరికా అధ్యక్షుడయ్యాడు. మరుసటి సంవత్సరం సెప్టెంబరు 1వ తేదీన రిచ్మండ్ నగరంలోని ‘రికార్డర్’ పత్రికలో ఒక వ్యాసం అచ్చయింది. ప్రజలు గౌరవించే ఈ పెద్దమనిషి తన బానిసలలో ఒకతెను ఎన్నో ఏళ్ళుగా ఉంపుడుకత్తెగా ఉంచుకొన్నాడనీ, ఆమె పేరు సాలీ అనీ, బిడ్డలు కూడా కలిగారనీ దాని సారాంశం. రాసినవాడు జేమ్స్ కాలెండర్.

కాలెండర్ స్కాట్లండు నుంచి వలసవచ్చిన పాత్రికేయుడు. కలంలో విషం నింపుకొని రాయడంలో దిట్ట. 1797లో అలెగ్జాండర్ హామిల్టన్ వివాహేతర సంబంధాన్ని రచ్చకీడ్చినవాడు అతడే. హామిల్టన్ జెఫర్సన్‌కు ప్రత్యర్థి కనుక, అప్పుడు ఆ కలం జెఫర్సన్ పక్షానికి ముద్దుగానే ఉన్నది. జెఫర్సన్ అతనికి డబ్బు సాయం చేశాడు కూడా. తరువాత అధ్యక్షుడు ఆడమ్స్‌ను నిందిస్తూ రాసినందుకు కాలెండర్ రాజద్రోహ చట్టం కింద తొమ్మిది నెలలు జైలులో ఉన్నాడు. జెఫర్సన్ పదవిలోకి రాగానే అతనికి క్షమాభిక్ష పెట్టాడు. కాని కాలెండర్ ఆశించింది క్షమాభిక్ష కాదు, రిచ్మండ్ పోస్టుమాస్టరు ఉద్యోగం. అది దక్కకపోయేసరికి, నిన్నటివరకు పొగిడిన మనిషి మీదనే కలం ఎక్కుపెట్టాడు.

ప్రత్యర్థి పత్రికలు ఆ వార్తను విందుభోజనంలా ఆరగించాయి. అధ్యక్షుని మీద ఎగతాళి పాటలు అచ్చువేశాయి. జెఫర్సన్ మాత్రం బహిరంగంగా ఒక్క మాట అనలేదు. అవునని అనలేదు, కాదని అనలేదు. 1805లో ఒక స్నేహితునికి రాసిన లేఖలో, పెళ్ళికాని రోజులలో ఒక మిత్రుని భార్యతో అనుచితంగా ప్రవర్తించిన మాట నిజమేననీ, తనపై మోపిన ఆరోపణలలో నిజమైనది అదొక్కటేననీ సూచించాడు. ఆయనను సమర్థించేవారు నేటికీ ఈ లేఖనే చూపుతారు. అపవాదు పుట్టిన మూడవ ఏట కూడా ఆ మేడలో సాలీ బిడ్డను కన్నదని ఎదుటి పక్షం గుర్తు చేస్తుంది.

ఓటర్లు ఈ గొడవను పట్టించుకోలేదు. 1804 ఎన్నికలలో 162 ఎలక్టొరల్ ఓట్లతో జెఫర్సన్ తిరిగి గెలిచాడు. ప్రత్యర్థికి వచ్చినవి 14 మాత్రమే. కాలెండర్ దానిని చూడడానికి బ్రతికిలేడు. 1803 జూలైలో జేమ్స్ నదిలో, మోకాలి పైకి మాత్రమే వచ్చే నీటిలో అతని శవం దొరికింది. తాగిన మైకంలో మునిగిపోయాడని తేల్చారు.

లెక్కల పుస్తకంలో బిడ్డలు

జెఫర్సన్ ప్రతి విషయాన్నీ రాసి ఉంచే స్వభావం కలవాడు. ఏ రోజు ఎంత ఎండ కాసింది, ఏ మడిలో బఠాణీ ఎప్పుడు కాపుకొచ్చింది, ఏ బానిసకు ఎన్ని కంబళ్ళు ఇచ్చింది—అన్నిటికీ లెక్క ఉన్నది. తోట లెక్కల పుస్తకంలో సాలీకి పుట్టిన బిడ్డల పేర్లు, పుట్టిన తేదీలు ఉన్నాయి. తండ్రి పేరు లేదు.

ఆ లెక్కల ప్రకారం ఆరుగురు పుట్టగా నలుగురు బ్రతికి పెద్దవారయ్యారు: 1798లో బెవర్లీ, 1801లో హారియెట్, 1805లో మాడిసన్, 1808లో ఎస్టన్. మాడిసన్‌కు ఆ పేరు పెట్టించింది, తరువాత అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్ భార్య డాలీ. తన భర్త పేరు పెడితే బహుమానం ఇస్తానని ఆమె సాలీతో అన్నది. పేరు పెట్టారు, బహుమానం మాత్రం రాలేదు. డెబ్బై ఏళ్ళ వయస్సుకు చేరువైనా మాడిసన్ ఆ సంగతి మరచిపోలేదు.

మగపిల్లలు మేనమామ జాన్ దగ్గర వడ్రంగం నేర్చారు. ముగ్గురూ వయొలిను వాయించేవారు. జెఫర్సన్‌కు ప్రాణప్రదమైన వాద్యం అదే. తండ్రి తమతో మృదువుగానే ఉండేవాడనీ, అయితే తండ్రిగా ముద్దు చేయడం తాము ఎరుగమనీ, ఆ ముద్దులన్నీ తెల్లజాతి మనుమలు, మనుమరాండ్రకే దక్కేవనీ మాడిసన్ చెప్పుకొన్నాడు. విశ్వవిద్యాలయం స్థాపించిన తండ్రి ఉండి కూడా, ఆ మనుమలను బ్రతిమాలుకొని అక్షరాలు దిద్దుకొన్నాడు.

అయినా పారిస్‌లో ఇచ్చిన మాట నిలబడింది. 1822లో బెవర్లీ, హారియెట్ మాంటిచెల్లో విడిచి వెళ్ళిపోయారు. లెక్కల పుస్తకంలో వారి పేర్ల పక్కన పారిపోయినట్లు రాసి ఉన్నది. నిజానికి, యజమాని ఆజ్ఞ మీద హారియెట్ చేతికి యాభై డాలర్లు ఇచ్చి తానే బండి ఎక్కించానని ఆనాటి తోట మేనేజరు తరువాత చెప్పాడు. వారిద్దరూ తెల్లవారిలో కలిసిపోయారు. తల్లి పేరు చెబితే తమ పిల్లలు మళ్ళీ నల్లవారవుతారు కనుక, ఆ తల్లికి దూరం కావడమే వారి స్వేచ్ఛకు వెల అయింది.

1826 జూలై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు యాభై ఏళ్ళు నిండిన రోజుననే జెఫర్సన్ మరణించాడు. ఆయన వీలునామా ఐదుగురికి మాత్రమే స్వేచ్ఛ ప్రసాదించింది. ఐదుగురూ హెమింగ్స్ వంశంవారే. వారిలో మాడిసన్, ఎస్టన్ ఉన్నారు. సాలీ పేరు వీలునామాలో లేదు. పేరు రాస్తే లోకం మళ్ళీ చెవులు కొరుక్కొంటుంది. చట్టరీత్యా విడుదల పత్రం లేకుండానే ఆమెను జెఫర్సన్ కూతురు కొడుకుల దగ్గరకు వెళ్ళనిచ్చింది. ఆ వీలునామాలో చోటు దక్కనివారి గతి వేరు. లక్షకు పైబడిన డాలర్ల అప్పు తీర్చడానికి 1827 జనవరి చలిలో, ఆ మేడ ముంగిట నూట ముప్పై మంది మనుషులను వేలం వేశారు. స్వాతంత్ర్య ప్రకటన కర్త ఇంటి ముంగిట భార్యాభర్తలు, తల్లీబిడ్డలు వేర్వేరు పాటదారుల పాలయ్యారు.

సాలీ 1835లో షార్లట్స్‌విల్ పట్టణంలో కన్నుమూసింది.

రెండు సాక్ష్యాలు, ఒకే తీర్పు

తరువాత నూరేళ్ళకు పైగా జరిగిన వాదం ఒక న్యాయస్థానాన్ని తలపిస్తుంది. ఒక వైపు సాక్షి మాడిసన్ హెమింగ్స్. రెండవ వైపు సాక్షులు జెఫర్సన్ మనుమలు. ఆ పిల్లల తండ్రి జెఫర్సన్ మేనల్లుడు పీటర్ కార్ అని మనుమడు ఒక చరిత్రకారునితో చెప్పాడు. మనుమరాలు ఎలెన్, కాదు, రెండవ మేనల్లుడు సామ్యూల్ కార్ అని లేఖ రాసింది. సాక్షులిద్దరి మాటలూ పొసగకపోయినా, చరిత్రకారులు ఆ పక్షాన్నే నమ్మారు. మాడిసన్ మాటను రాజకీయ ప్రేరితమనీ, గొప్పవంశం తగిలించుకోవాలన్న ఆరాటమనీ తోసిపుచ్చారు.

జెఫర్సన్ జీవితచరిత్రను ఆరు సంపుటాలుగా రచించి, వాటిలో మొదటి ఐదింటికి 1975లో పులిట్జర్ బహుమతి అందుకొన్న డ్యూమా మలోన్ అభిప్రాయం కూడా అదే. ఇటువంటి పని ఆ మహాశయుని శీలానికే విరుద్ధమని ఆయన వాదన. విచిత్రమేమంటే, జెఫర్సన్ ఏ రోజు ఎక్కడ ఉన్నాడో మలోన్ శ్రద్ధగా కూర్చిన పట్టికే ఎదుటి వాదానికి ఆధారమైంది. తరచుగా దూరప్రయాణాలలో గడిపే జెఫర్సన్, సాలీకి ప్రతి బిడ్డా కడుపున పడిన కాలంలో ఇంటనే ఉన్నాడని విన్‌త్రోప్ జోర్డన్ అనే చరిత్రకారుడు 1968లో ఎత్తిచూపాడు. ఆయన లేని సమయంలో ఆమె ఒక్కసారి కూడా గర్భం ధరించలేదు. 1974లో ఫాన్ బ్రోడీ రచించిన జెఫర్సన్ జీవితచరిత్ర ఈ సంబంధం నిజమేనని వాదించి సంచలనం కలిగించింది. పండితులు ఆమెను పరిహసించారు. పాఠకులు ఆ పుస్తకాన్ని ఎగబడి కొన్నారు.

సాహిత్యం చరిత్ర కన్న ముందే ఈ కథను పట్టుకొన్నది. బానిసత్వం నుంచి తప్పించుకొని వచ్చిన విలియం వెల్స్ బ్రౌన్ 1853లో లండనులో ప్రచురించిన ‘క్లోటెల్’ నవలలో జెఫర్సన్ కుమార్తెలు వేలంపాటలో అమ్ముడుపోతారు. ఆఫ్రికన్ అమెరికన్ రచించిన తొలి నవలగా దానికి పేరు. అంటే, ఆ జాతి నవలా సాహిత్యమే ఈ అపవాదుతో ఆరంభమైందన్న మాట.

శిల్పి చేతిలో నవల

బార్బరా చేజ్ రిబూ మొదట శిల్పి. 1939లో ఫిలడెల్ఫియాలో పుట్టి, యేల్ విశ్వవిద్యాలయంలో శిక్షణ పొంది, పారిస్‌లో స్థిరపడింది. కంచును, పట్టుదారాన్ని కలిపి మలచిన శిల్పాలు ఆమెకు కీర్తి తెచ్చాయి. బ్రోడీ పుస్తకం చదివిన తరువాత సాలీ కథ ఆమెను వదలలేదు. పారిస్‌లో బ్రతుకుతున్న నల్లజాతి అమెరికన్ స్త్రీ, అదే నగరంలో రెండు వందల ఏళ్ళ కింద బ్రతికిన మరొక స్త్రీని తన మనోనేత్రంతో చూసింది. ఆ కథను ఇతరులెవరైనా రాయాలని ఆమె ఆశించినా, చివరకు తానే కలం పట్టవలసివచ్చింది. ప్రోత్సహించినవారిలో జాక్వెలిన్ కెనెడీ ఒనాసిస్ ఉన్నారు. మరొక అధ్యక్షుని రహస్యాల నీడలో కాపురం చేసిన ఆ స్త్రీకి ఈ కథలోని వేదన అర్థమై ఉంటుందని ఊహించడం కష్టం కాదు.

నవలలో సాలీ మౌనంగా తలవంచే బానిస కాదు. ప్రేమిస్తుంది, ద్వేషిస్తుంది, అసూయ పడుతుంది. పారిస్‌లో స్వేచ్ఛను ఎందుకు చేజార్చుకొన్నానని వృద్ధాప్యంలో తన్ను తాను ప్రశ్నించుకొంటుంది. జెఫర్సన్ కూడా రాక్షసుడు కాడు. ప్రేమించిన మనిషికి స్వేచ్ఛ ఇస్తే ఆమె వెళ్ళిపోతుందేమోనన్న భయంతో, స్వేచ్ఛ ఇవ్వకుండా ప్రేమించే బలహీనుడు. రచయిత్రి అసలు పత్రాలను కథలో పొదిగి, పత్రాలు మౌనం వహించిన చోట ఊహను ప్రవేశపెట్టింది. అయితే ఊహ కొన్నిచోట్ల అలంకారాల బరువుతో కుంగిపోతుంది. పాత్రలు మాట్లాడవలసినచోట రచయిత్రి మాట్లాడుతుంది. ఈ లోపాలు ఉన్నా, ఆ ఏటి జానెట్ హైడింగర్ కాఫ్కా బహుమతి ఆ నవలకు లభించింది.

అసలు దుమారం తరువాత రేగింది. నవల ఆధారంగా సీబీఎస్ టెలివిజన్ సంస్థ ధారావాహిక తీయబోతున్నదని తెలిసి మలోన్, వర్జీనియస్ డాబ్నీ వంటివారు తీవ్రంగా అభ్యంతరం తెలిపారు. ఆ ప్రయత్నం ఆగిపోయింది. 1981లో డాబ్నీ ఈ నవలను, బ్రోడీ గ్రంథాన్ని ఖండిస్తూ ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. కల్పనను కల్పన అని కొట్టివేయక, దానిని ఖండించడానికి చరిత్రకారులు ఇంత శ్రమపడడమే ఆ కల్పనకు గల శక్తిని చాటింది.

నవల మరొక చిత్రమైన వివాదానికీ దారితీసింది. సాలీ కథపై వచ్చిన ఒక నాటకం తన నవలను అనుకరించిందని రచయిత్రి అభ్యంతరం చెప్పగా, ఆ తగాదా న్యాయస్థానానికి ఎక్కింది. చారిత్రక వాస్తవాలు అందరి సొత్తు. ఆ వాస్తవాల ఖాళీలలో నవలాకారుడు నింపిన కల్పన మాత్రం అతని సొత్తు. ఈ విచక్షణతోనే 1991లో తీర్పు ఆమె పక్షాన వచ్చింది. ఇది సత్యమని వాదించే రచయిత్రి, ఇది నా కల్పన అని నిరూపించుకోవలసివచ్చింది!

1995లో ఈ కథ భారతీయుల చేతికి కూడా వచ్చింది. బొంబాయిలో పుట్టిన ఇస్మాయిల్ మర్చంట్ నిర్మాతగా, ఢిల్లీలో చిరకాలం నివసించిన రూత్ ప్రవర్ ఝాబ్‌వాలా రచయిత్రిగా, జేమ్స్ ఐవరీ దర్శకత్వంలో ‘జెఫర్సన్ ఇన్ పారిస్’ చిత్రం వెలువడింది. అప్పటికీ అమెరికాలో పెద్దలు కొందరు, ఇదంతా నిరాధారమని విసుక్కొన్నారు.

రక్తం చెప్పిన సాక్ష్యం

1997లో అనెట్ గోర్డన్ రీడ్ అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఈ వాదాన్ని కోర్టు వ్యవహారంలా పరిశీలించి ఒక గ్రంథం ప్రచురించింది. జెఫర్సన్ దోషా కాదా అన్నది ఆమె మొదటి ప్రశ్న కాదు. తెల్లవారి నోటిమాటను సాక్ష్యంగాను, నల్లవారి నోటిమాటను పుకారుగాను చరిత్రకారులు ఎలా లెక్కగట్టారన్నదే ఆమె ప్రశ్న. మాడిసన్ చెప్పిన ఒక్కొక్క మాటనూ పత్రాలతో సరిపోల్చి, అవి నిలబడతాయని ఆమె చూపింది.

మరుసటి ఏడు, 1998 నవంబరులో, ‘నేచర్’ పత్రిక రక్తపరీక్షల ఫలితాన్ని ప్రకటించింది. తండ్రి నుంచి కొడుక్కు మాత్రమే, ఇంచుమించు మార్పు లేకుండా సంక్రమించే వై క్రోమోజోమును యూజీన్ ఫాస్టర్ అనే వైద్యుడు ఆధారంగా తీసుకొన్నాడు. జెఫర్సన్‌కు పెరిగి పెద్దయిన కొడుకులు లేరు కనుక ఆయన తండ్రి సోదరుని వంశీకుల నుంచి రక్తం సేకరించాడు. దానితో ఎస్టన్ హెమింగ్స్ వంశీకుని రక్తం సరిపోయింది. మనుమలు నిందమోపిన కార్ సోదరుల వంశంతో ఏమాత్రం సరిపోలేదు. సాలీ తొలి కుమారుడు టామ్ తమ మూలపురుషుడని నమ్ముతూ వచ్చిన మరొక కుటుంబం రక్తం కూడా జెఫర్సన్ వంశంతో కలవలేదు. రక్తం ఎవరి పక్షమూ వహించదు.

ఆ పరీక్ష ఫలానా జెఫర్సన్ అని వ్యక్తిని చూపదు. వంశాన్ని మాత్రమే చూపుతుంది. కనుక అధ్యక్షుని తమ్ముడు రాండాల్ఫ్ తండ్రి అయి ఉండవచ్చునని వాదించేవారు ఇప్పటికీ లేకపోలేదు. 2001లో కొందరు పండితులు ఆ మేరకు నివేదిక కూడా ప్రకటించారు. అయితే అంతకుముందు నూట తొంభై ఏళ్ళలో ఈ తమ్ముని పేరు తలచినవారు లేరు. పత్రాలు, తేదీలు, పరీక్షలు అన్నీ కలిపి చూసి, మాంటిచెల్లోను నిర్వహించే థామస్ జెఫర్సన్ ఫౌండేషన్, ఎస్టన్‌కు తండ్రి జెఫర్సన్ కావడానికే అత్యధిక అవకాశం ఉన్నదనీ, మిగిలిన బిడ్డలకు కూడా బహుశా ఆయనే తండ్రి అనీ 2000 జనవరిలో ప్రకటించింది. సరిగా మరుసటి నెలలో, ఇరవై ఏళ్ళ కింద వెనుకంజ వేసిన సీబీఎస్ సంస్థ సాలీ కథను ధారావాహికగా ప్రసారం చేసింది. హెమింగ్స్ కుటుంబ చరిత్రపై గోర్డన్ రీడ్ రచించిన బృహద్గ్రంథానికి 2009లో పులిట్జర్ బహుమతి లభించింది. మలోన్‌ను వరించిన ఆ బహుమతే, ఆయన కాదన్న కథను కూడా వరించింది.

ప్రేమా? నిర్బంధమా?

ఒక ప్రశ్న తీరగానే మరొకటి తలెత్తింది. చేజ్ రిబూ నవల దీనిని ప్రేమకథగా చిత్రించింది. కొనుగోలు, అమ్మకాలకు లోనైన స్త్రీ తన యజమానిని కాదనగలదా? కాదనలేని చోట అవునన్నదానికి విలువ ఏమిటి? పద్నాలుగేళ్ళ పిల్లకు, నలభై నాలుగేళ్ళ రాయబారికి మధ్య ఉన్నదానిని ప్రణయమని పిలవడం బానిసత్వానికి పూలదండ వేయడమే అని నేటి విమర్శకులలో అనేకులు అంటారు. మరికొందరు, ఆమెను కేవలం బాధితురాలిగా చూస్తే, పారిస్‌లో ఆమె చూపిన తెలివిని, సాహసాన్ని మరొకసారి తుడిచివేసినట్లవుతుందని వాదిస్తారు. బిడ్డలకు స్వేచ్ఛ సంపాదించిన తల్లిగా ఆమె గెలిచింది. ఆ గెలుపుకు తన స్వేచ్ఛనే చెల్లించింది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి వదిలినా కథ అసత్యమౌతుంది. నవల బలం ఈ రెండింటినీ ఒకే హృదయంలో నిలపడం. దాని బలహీనత కొన్నిచోట్ల మొదటిదాని మీద మోజుతో రెండవదానిని మరచిపోవడం.

కుంభకోణాలు రాజకీయ నాయకులకు కొత్త కాదు. కాలెండర్ వంటివారికి వాటిలో కావలసింది నాయకుని పతనం. ఆ వ్యాసంలో సాలీ ఒక ఆయుధం మాత్రమే. ఆమెను గురించి అతడు వాడిన మాటలు అచ్చువేయదగినవి కావు. జెఫర్సన్ భక్తులకు ఆమె ఒక మచ్చ. పక్షాలు రెండూ ఆయన శీలం కోసమే పోట్లాడాయి. ఆమెకు కూడా ఒక శీలం, ఒక మనసు, ఒక కథ ఉన్నాయని అడిగినవారు లేరు. ఆ ప్రశ్న అడిగినందుకే ఈ నవల నిలిచింది. చారిత్రక నవల చేయదగిన పని అదే. రాజులు ఎక్కడ యుద్ధం చేశారో చరిత్ర ఎలాగూ చెబుతుంది. గది తలుపు చాటున నిలబడినవారి ముఖాలను చూపవలసింది నవల.

2018లో మాంటిచెల్లో మేడ దక్షిణపు వసారాలో, సాలీ నివసించి ఉండవచ్చునని భావిస్తున్న చిన్న గదిని ప్రజల సందర్శనార్థం తెరిచారు. అంతకుముందు ఆ చోట చాలాకాలం సందర్శకుల కోసం కట్టిన మరుగుదొడ్లు ఉండేవి. గదిలో ఆమె చిత్రపటం లేదు. ఆమె బొమ్మను ఎవరూ గీయలేదు. మేలిమి రంగు, వీపు మీద వేలాడే నిడుపాటి జుట్టు గల అందగత్తె అని తోటి బానిస ఒకడు చెప్పిన మాట మిగిలింది. మరి ఆమె దాచుకొన్నవి? జెఫర్సన్ పోయిన తరువాత ఆయన కళ్ళజోడు ఒకటి, పాదరక్ష బిళ్ళ ఒకటి, సిరాబుడ్డి ఒకటి ఆమె భద్రపరిచి బిడ్డలకు అప్పగించింది. ఆమె వారసులు వాటిని తరతరాలుగా కాపాడుకొంటూ వచ్చారు. అమెరికా సంయుక్త రాష్ట్రాల చరిత్రకారులు ఆ కథను నమ్మని ఆ కాలమంతా, ఒహాయోలో ఒక కుటుంబం ఇంట్లో ఆ సిరాబుడ్డి ఉండనే ఉన్నది.